కార్మికుడు కాని కార్మిక నేత.. వి.వి.గిరి
సంఘం ఎన్నికల్లో ఎవరు అర్హులన్న ప్రశ్న వెంటే సాగిన జీవితం

కార్మిక సంఘానికి ఎన్నికలు వచ్చాయంటే రెండు ప్రశ్నలు తలెత్తక మానవు. చందా సక్రమంగా చెల్లించిన సభ్యుడెవరు? ఆ పరిశ్రమలో పని చేయని వ్యక్తి నాయకుడిగా పోటీ చేయవచ్చా? ఈ ప్రశ్నలకు దేశంలో చట్టం ఇంకా సమాధానం వెతుక్కుంటున్న రోజుల్లోనే వరాహగిరి వెంకటగిరి కార్మికోద్యమంలో అడుగుపెట్టారు. రైల్వే ఉద్యోగి కాకుండానే రైల్వే కార్మికులకు నేత అయ్యారు. బొబ్బిలి, పాతపట్నం, పార్వతీపురం ఓటర్లకు సుపరిచితుడైన ఆ న్యాయవాది చివరకు రాష్ట్రపతి పీఠాన్ని అధిష్ఠించారు.

డబ్లిన్‌లో చదువు.. మద్రాసులో వకాల్తా

గిరి 1894 ఆగస్టు 10న నాటి మద్రాసు రాష్ట్రం గంజాం జిల్లా బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు పేరున్న న్యాయవాది. న్యాయశాస్త్రం అభ్యసించేందుకు 1913లో ఐర్లాండ్‌ వెళ్లిన గిరి, అక్కడి స్వాతంత్య్ర పోరాటం పట్ల ఆకర్షితులయ్యారు. 1916లో డబ్లిన్‌లో తిరుగుబాటు జరిగాక ఆ దేశం విడిచి రావాల్సి వచ్చింది. తిరిగి వచ్చి మద్రాసు హైకోర్టులో ప్రాక్టీసు ప్రారంభించారు. సహాయ నిరాకరణోద్యమంలో వృత్తిని వదులుకొని జైలుకు వెళ్లారు. ఆ తరువాత ఆయన దృష్టి కార్మికుల వైపు మళ్లింది.

వాల్తేరు నుంచి బరంపురం మీదుగా సాగే రైలు మార్గం అప్పట్లో బెంగాల్‌-నాగపూర్‌ రైల్వే కంపెనీ అధీనంలో ఉండేది. ఆ కంపెనీ ప్రధాన వర్క్‌షాపు ఖరగ్‌పూర్‌లో ఉండేది. అక్కడ తెలుగు కార్మికులు పెద్దసంఖ్యలో పనిచేసేవారు. గిరి ఈ కార్మికులను సంఘటితం చేశారు. అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్య స్థాపకుల్లో ఒకరై, పదేళ్లకు పైగా ప్రధాన కార్యదర్శిగా వ్యవహరించారు. 1926లో మద్రాసులో జరిగిన అఖిల భారత ట్రేడ్‌ యూనియన్‌ కాంగ్రెస్‌ సభలకు అధ్యక్షత వహించారు. 1927లో జెనీవా అంతర్జాతీయ కార్మిక సదస్సుకు భారత కార్మికుల ప్రతినిధిగా వెళ్లారు. వర్క్‌షాపు కార్మికుల తొలగింపునకు వ్యతిరేకంగా జరిగిన సమ్మెను అహింసాయుతంగా నడిపించిన నేతగా పేరు పొందారు.

బయటివారు ఎందుకు అవసరమయ్యారు?

కార్మికుడు కాని వ్యక్తి సంఘానికి నేత కావడం ఆనాడు వింత కాదు. సంఘం పెట్టిన కార్మికుడిని యాజమాన్యం మరునాడే పనిలోంచి తీసేయవచ్చు. చదువు లేని కార్మికులు ఆంగ్ల అధికారులతో చర్చలు జరపలేని స్థితి. అందుకే న్యాయవాదులు, సంఘ సేవకులు ముందుకు వచ్చారు. యాజమాన్యాలకు అదే కంటగింపైంది. మద్రాసులోని బకింగ్‌హాం, కర్నాటక్‌ మిల్లుల కార్మికుల కోసం 1918లో బి.పి.వాడియా సంఘం స్థాపించగా, యాజమాన్యం ఆయనపై హైకోర్టుకు వెళ్లింది. రాజీలో భాగంగా వాడియా కార్మికోద్యమానికే దూరం కావాల్సి వచ్చింది.

ఈ ఘటనతో సంఘాలకు చట్టరక్షణ కావాలన్న డిమాండ్‌ బలపడింది. కేంద్ర శాసనసభలో ఎన్‌.ఎం.జోషి కృషి ఫలితంగా 1926లో ట్రేడ్‌ యూనియన్ల చట్టం వచ్చింది. 1927 జూన్‌ 1 నుంచి అమలైంది. కార్యవర్గంలో కనీసం సగం మంది ఆ పరిశ్రమలో పనిచేసే వారై ఉండాలని 22వ సెక్షన్‌ నిర్దేశించింది. మిగిలిన సగంలో బయటివారికి చోటు దక్కింది. సాధారణ సభ్యులుగా కార్మికులే ఉండాలని, కార్యవర్గం కోసం మాత్రం గౌరవ సభ్యులను చేర్చుకోవచ్చని చట్టం వీలు కల్పించింది. గిరి వంటి నాయకులు నిలిచింది ఈ ద్వారంలోనే.

అదే చట్టం చందా విషయంలోనూ ఒక ముఖ్యమైన హద్దు గీసింది. సంఘం రాజకీయ కార్యక్రమాలకు వేరే నిధి ఉండాలి. దానికి చందా ఇవ్వాలని ఏ సభ్యుడినీ నిర్బంధించరాదు. ఇవ్వని వారిని సంఘం ప్రయోజనాల నుంచి తప్పించరాదు. ఆ నిధి నిర్వహణ విషయంలో తప్ప మరెక్కడా వారికి అనర్హత వర్తించదు. సభ్యుల జాబితా, లెక్కల తనిఖీ, కార్యవర్గం నియామకం, తొలగింపు ఎలా జరగాలో ప్రతి సంఘం తన నియమావళిలో రాసుకోవాలి.

చీలిన ఉద్యమం

1929లో నాగపూర్‌ సభల్లో ట్రేడ్‌ యూనియన్‌ కాంగ్రెస్‌ చీలిపోయింది. బ్రిటిష్‌ ప్రభుత్వం నియమించిన విట్లీ కమిషన్‌ను బహిష్కరించాలన్న తీర్మానంతో విభేదించి గిరి, జోషి తదితరులు బయటకు వచ్చి వేరే సమాఖ్య ఏర్పరిచారు. ఆ కమిషన్‌ 1931 నివేదికలో బయటివారి వాటాను సగం నుంచి మూడో వంతుకు తగ్గించాలని సూచించింది. అంటే కార్మికోద్యమంలో గిరి స్థానం వంటిదే చర్చకు వచ్చిందన్నమాట. ఆ సూచన చట్టరూపం దాల్చడానికి 70 ఏళ్లు పట్టింది.

బొబ్బిలిలో గెలుపు.. పార్వతీపురంలో ఓటమి

1937 ఎన్నికల్లో గిరి బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావును ఓడించి సంచలనం సృష్టించారు. మద్రాసు రాష్ట్రానికి ప్రధానిగా పనిచేసిన జమీందారుపై ఒక కార్మిక నేత సాధించిన విజయమది. రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల శాఖలు చేపట్టారు. 1952లో పాతపట్నం నుంచి తొలి లోక్‌సభకు ఎన్నికై కేంద్ర కార్మిక మంత్రి అయ్యారు. యాజమాన్యం, కార్మికులు ముఖాముఖి కూర్చుని తేల్చుకోవాలని, ప్రభుత్వ తీర్పు చివరి మార్గం మాత్రమే కావాలని ఆయన ప్రతిపాదించారు. ఇదే గిరి విధానంగా పేరొందింది. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వం సవరించడంతో 1954 ఆగస్టులో పదవికి రాజీనామా చేశారు.

ముఖాముఖి చర్చ జరగాలంటే సంఘం బలంగా ఉండాలి. సంఘం బలం సభ్యుల సంఖ్యలో, వారు చెల్లించే చందాలో ఉంటుంది. కాగితాలపై సభ్యులను చూపే సంఘంతో యాజమాన్యం ఎందుకు మాట్లాడుతుంది? గిరి విధానానికి, చందా లెక్కకు ఉన్న సంబంధం ఇదే.

1957లో అర్హత ప్రశ్న గిరినే మరో రూపంలో ఎదుర్కొంది. పార్వతీపురం అప్పట్లో ద్విసభ్య నియోజకవర్గం. ఒక స్థానం గిరిజనులకు రిజర్వు. ఆ స్థానానికి పోటీ చేసిన గిరిజన అభ్యర్థుల్లో ఒకరు రిజర్వు స్థానంలో గెలవగా, మరొకరైన డిప్పల సూరి దొర అధిక ఓట్లతో జనరల్‌ స్థానాన్ని గెలుచుకున్నారు. గిరి ఓడిపోయారు. రిజర్వు అభ్యర్థి జనరల్‌ స్థానానికి అర్హుడు కాడని ఆయన వాదించారు. 1959లో సుప్రీంకోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. ఎక్కువ ఓట్లు వచ్చిన గిరిజన అభ్యర్థికి జనరల్‌ స్థానం కూడా దక్కుతుందని స్పష్టమైంది. బయటివాడిగా ఉండి కార్మికుల ఓటుతో నేత అయిన వ్యక్తి, మరొకరి అర్హతను ప్రశ్నించి ఓడిపోవడం ఆయన జీవితంలో గమనించదగిన మలుపు.

మూడు నెలల చందా లెక్క

ఆ తరువాత గిరి ఉత్తరప్రదేశ్‌ గవర్నర్‌ అయ్యారు. 1958 మేలో ఆ రాష్ట్రంలోని నైనిటాల్‌లోనే భారత కార్మిక సదస్సు జరిగింది. సంఘాల గుర్తింపునకు అక్కడ ప్రమాణాలు ఖరారయ్యాయి. లెక్క తీసే తేదీకి ముందు ఆరు నెలల్లో కనీసం మూడు నెలల చందా చెల్లించిన వారినే సభ్యులుగా పరిగణించాలని నిర్ణయించారు. కనీస చందా నెలకు 25 నయాపైసలుగా 1960 సవరణ నిర్ణయించింది. 18 ఏళ్లు నిండనివారు, నైతిక పతనంతో కూడిన నేరంలో జైలుశిక్ష పడినవారు కార్యవర్గానికి అనర్హులని 1964లో చేర్చారు.

గిరి కేరళ, మైసూరు గవర్నర్‌గా, 1967లో ఉపరాష్ట్రపతిగా పనిచేశారు. 1969లో స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి ఎన్నికల్లో నిలిచి, రెండో ప్రాధాన్యత ఓట్ల లెక్కింపుతో నీలం సంజీవరెడ్డిపై గెలిచారు. ఆ ఎన్నికల్లో 15 మంది పోటీ పడ్డారు. నామినేషన్‌కు పది మంది ప్రతిపాదకులు, పది మంది బలపరిచేవారు, డిపాజిట్‌ ఉండాలన్న నిబంధన 1974లో వచ్చింది. గిరి పదవీకాలం ముగిసిందీ ఆ ఏడాదే. 1975లో భారతరత్న అందుకున్న ఆయన 1980 జూన్‌ 24న మద్రాసులో కన్నుమూశారు.

ఆయన తరువాత

2001 సవరణ బయటివారిని మూడో వంతు లేదా అయిదుగురు, ఏది తక్కువైతే అంతకే పరిమితం చేసింది. మంత్రులు సంఘం పదవుల్లో ఉండరాదని నిషేధించింది. సంఘటిత రంగంలో కనీస చందా ఏడాదికి 12 రూపాయలైంది. 2025 నవంబరు 21న పారిశ్రామిక సంబంధాల స్మృతి అమల్లోకి రావడంతో 1926 చట్టం చరిత్రలో కలిసింది. బయటివారిపై పరిమితి మాత్రం కొత్త స్మృతిలోనూ నిలిచింది.

నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థ 1995 నుంచి గిరి పేరుతో నడుస్తోంది. బయటి నుంచి వచ్చి కార్మికులకు గొంతునిచ్చిన ఆ తరం లేకుంటే సంఘాలు నిలదొక్కుకునేవి కావు. ఆ సంఘాల్లో చందా కట్టి, నామినేషన్‌ వేసి, కార్మికులే పగ్గాలు చేపట్టే రోజు కోసమే చట్టం ఆ ద్వారాన్ని క్రమంగా ఇరుకు చేసింది.