నిప్పురవ్వ కోసం చీకట్లో కూర్చున్న హెర్ట్జ్

బుచ్చిరెడ్డిపాలెంలో ఏ రైస్‌మిల్లుకైనా వెళ్లి మోటారుకు కొట్టిన రేకు ముక్క చూడండి. ఓల్టులు, ఆంపియర్ల పక్కనే 50 హెర్ట్జ్ అని ఉంటుంది. మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుందని దానర్థం. ఐటీఐలో, డిప్లొమాలో దీన్ని ఒక యూనిట్‌గా బట్టీ పట్టేస్తాం. నిజానికి అది ఒక మనిషి పేరు, 36 ఏళ్లకే పోయిన మనిషి. విచిత్రమేమిటంటే, మిల్లులో ఎలక్ట్రీషియన్ దేన్ని చూస్తే ఉలిక్కిపడతాడో ఆ స్పార్క్ కోసమే ఆయన ఏళ్ల తరబడి చీకట్లో కళ్లు చిట్లించుకుని కూర్చున్నారు.

హైన్రిచ్ హెర్ట్జ్ 1857 ఫిబ్రవరి 22న జర్మనీలోని హాంబర్గ్‌లో పుట్టారు. తండ్రి న్యాయవాది. కుర్రాడికి భాషలంటే ఇష్టం, అరబిక్ కూడా నేర్చాడు. మరోపక్క లేత్ మీద పనిచేయడం, చెక్కతో సామాన్లు తయారుచేయడం. ముందు ఇంజినీరింగ్‌లో చేరారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఏడాది ప్రాక్టికల్ పని, తర్వాత డ్రెస్డెన్, ఆపైన సైన్యంలో ఒక ఏడాది. 1877లో మ్యూనిక్ చేరాక మనసు మారింది. ఇంజినీరింగ్ మానేసి భౌతికశాస్త్రం చదువుకుంటానని ఇంటికి ఉత్తరం రాశారు. అప్పటికి వయసు 20. బీటెక్ మధ్యలో ఈ మాట అంటే మన ఇళ్లలో ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఆ ఇంట్లో మాత్రం సరేనన్నారు.

మరుసటి ఏడాది బెర్లిన్‌లో హెల్మ్‌హోల్ట్జ్ దగ్గర చేరారు. విద్యుత్తు, అయస్కాంత ప్రభావాలు తరంగాలుగా వెళ్తాయని మాక్స్‌వెల్ లెక్క కట్టి చూపించారు కానీ, ప్రయోగంతో రుజువు చేసినవాళ్లు లేరు. ఆ దిశలో ఒక బహుమతి ప్రశ్న తీసుకోమని గురువు అడిగితే, హెర్ట్జ్ లెక్కలు వేసుకుని, చేతిలో ఉన్న పరికరాలతో అయ్యే పని కాదని వదిలేశారు. 1880లో డాక్టరేట్ వచ్చింది. తర్వాత కీల్‌లో కొలువు. అక్కడ సరైన ల్యాబ్ లేదు. 1885లో కార్ల్‌స్రూహేకి మారాకే చేతికి పని దొరికింది.

అక్కడ పాఠం కోసం తీగచుట్టలతో ప్రయోగం చేస్తుంటే, ఒక చుట్టలో స్పార్క్ వచ్చినప్పుడల్లా దానికి తగలని రెండో చుట్టలోనూ చిన్న స్పార్క్ కనిపించింది. పాత ప్రశ్న గుర్తొచ్చింది.

అసలు స్పార్క్ ఎలా పుడుతుంది? గాలి మామూలుగా కరెంటును పోనివ్వదు. అయితే అందులో ఎక్కడో ఒకటీ అరా విడి ఎలక్ట్రాన్లు ఉంటాయి. మిల్లీమీటరుకు సుమారు 3 వేల ఓల్టుల ఒత్తిడి పడితే అవి దూసుకెళ్లి గాలి అణువులను గుద్దుతాయి. ఒక్కో దెబ్బకు మరో ఎలక్ట్రాన్ ఊడుతుంది. ఒకటి రెండై, రెండు నాలుగై, క్షణంలో గాలే తీగ అయిపోతుంది. మనకు కనిపించే మెరుపు, వినిపించే చిటపట అదే.

హెర్ట్జ్ రెండు గుండ్ల మధ్య పెద్ద స్పార్క్ పుట్టించి, దూరంగా ఒక తీగ వలయం పెట్టారు. వలయంలో సన్నని ఖాళీ, దాన్ని సర్దడానికి స్క్రూ. అందులో వచ్చే స్పార్క్ పొడవు ఒక్కోసారి మిల్లీమీటరులో వందో వంతు. చీకటికి కళ్లు అలవాటు పడితే తప్ప కనిపించదు. 1888 నాటికి ఆ తరంగాలు కాంతిలాగే అద్దం మీద పడి వెనక్కి వస్తాయని, పట్టకంలో వంగుతాయని చూపించారు. లేత్ పట్టిన చెయ్యి ఇక్కడ పనికొచ్చింది.

మధ్యలో ఇంకో సంగతి. స్పార్క్ బాగా కనపడాలని వలయం ఖాళీ చుట్టూ నల్లపెట్టె పెడితే అది చిన్నదైపోయింది! పెద్ద స్పార్క్ నుంచి వచ్చే అతినీలలోహిత కాంతి లోహం మీద పడితేనే చిన్నది తేలిగ్గా పుడుతోందని 1887లో తేల్చారు. కారణం మాత్రం 1905లో ఐన్‌స్టీన్ చెప్పారు, ఆయన నోబెల్‌కు అదే దారి.

కావాల్సిన చోట స్పార్క్ రావాలంటే వద్దన్న చోట ఆపాలి. హెర్ట్జ్ వాడిన ఇండక్షన్ కాయిల్‌లో కరెంటును తెంచే కాంటాక్టు ఉంటుంది. చుట్టలో పారే కరెంటు టక్కున ఆగదు, ఓల్టేజీ పెంచుకుని ఖాళీని దూకుతుంది. పాయింట్లు కాలిపోతాయి. పొలంలో మోటారు స్టార్టరులో జరిగేదీ ఇదే. దీనికి 1853లోనే ఫ్రాన్స్‌లో ఫిజో విరుగుడు చెప్పారు: కాంటాక్టుకు అడ్డంగా ఒక కెపాసిటర్ పెడితే ఆ ఉరుకును అది మింగేస్తుంది. ఇవాళా అదే పద్ధతి. మిగతావి మీ చేతిలో ఉన్నవే. లూజ్ కనెక్షన్ బిగించాలి, అరిగిన కార్బన్ బ్రష్ మార్చాలి, మొనలు లేకుండా నున్నగా ఉంచాలి. తవుడు దుమ్ము గాల్లో తేలే చోట మూత ఉన్న మోటారే పెట్టాలి, ఇందులో బేరం లేదు. అన్నట్టు, పాత మోటార్లలో రాగి పలకల మధ్య, రేడియో కెపాసిటర్లలో కరెంటు దూకకుండా పెట్టింది మైకా. మన గూడూరు, సైదాపురం గనుల నుంచి ఎగుమతైంది అదే.

1889లో హెర్ట్జ్ బాన్ వెళ్లారు. ఆ తరంగాలతో టెలిఫోన్ మాటలు పంపొచ్చా అని ఒక ఇంజినీరు అడిగితే కుదరదని జవాబు రాశారు. 1892 నుంచి విపరీతమైన తలనొప్పి, ఆపరేషన్లు. 1894 జనవరి 1న కన్నుమూశారు. రెండేళ్లలోపే మార్కొనీ ఆ స్పార్క్‌తోనే సందేశాలు పంపడం మొదలుపెట్టాడు. 1930లో యూనిట్‌కు ఆయన పేరు పెట్టారు. కొద్ది ఏళ్లకే నాజీలు వచ్చారు. తండ్రి వైపువాళ్లు యూదు మూలాల వాళ్లని హాంబర్గ్ నగర సౌధంలో ఆయన చిత్రపటం తీసేశారు. భార్య ఎలిజబెత్, ఇద్దరు కూతుళ్లు జర్మనీ వదిలి ఇంగ్లండ్ వెళ్లిపోయారు.