కొండలు పేల్చే మందు.. గుండెకూ మందే! డైనమైట్ నోబెల్ కథ తెలుసా?

టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల్లో పనిచేసేవాళ్లకు జిలెటిన్ స్టిక్స్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. గుండెజబ్బు ఉన్నవాళ్లు జేబులో పెట్టుకుని తిరిగే, నాలుక కింద పెట్టుకునే ట్యాబ్లెట్ కూడా పలాసలో ఏ మందుల షాపులో అడిగినా తెలుస్తుంది. ఈ రెండింటికీ చుట్టరికం ఉందంటే మాత్రం నమ్మడం కష్టం. మధ్యలో ఉన్నది నైట్రోగ్లిజరిన్. దాంతోనే కోట్లు సంపాదించి, చివరికి తన గుండెనొప్పికి డాక్టర్లు అదే రాసిస్తే అవాక్కైన మనిషి ఆల్‌ఫ్రెడ్ నోబెల్.

1833 అక్టోబర్ 21న స్టాక్‌హోమ్‌లో పుట్టాడు. తండ్రి వ్యాపారం దివాలా తీసి రష్యా వెళ్లడంతో చదువు ఎక్కువగా సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో, ఇంట్లో మాస్టార్ల దగ్గరే. చిన్నప్పటి నుంచీ ఆరోగ్యం అంతంతమాత్రం.

నైట్రోగ్లిజరిన్‌ను 1847లో తయారుచేసింది ఇటలీకి చెందిన సోబ్రెరో. ఒక్క చుక్క నాలుకకు తగిలితేనే తలనొప్పి చంపేసేది. చిన్న కుదుపుకే పేలేది. ఆయన భయపడ్డాడు, నోబెల్ వదల్లేదు. 1864 సెప్టెంబర్ 3న షెడ్డు పేలి సొంత తమ్ముడు ఎమిల్ చనిపోయాడు. వయసు 20 ఏళ్లే. ఊళ్లో తయారీ వద్దన్నారు. దాంతో నోబెల్ సరస్సులో పడవ మీదకు మకాం మార్చాడు! 1867లో ఓ రకం మెత్తటి మట్టిలో నైట్రోగ్లిజరిన్‌ను ఇంకించి డైనమైట్ చేశాడు. 1875లో బ్లాస్టింగ్ జెలటిన్ వచ్చింది. క్వారీల్లో వినపడే ఆ జిలెటిన్ పేరు అక్కడిదే.

మరి గుండెకు ఎలా చేరింది? 1879లో లండన్ డాక్టర్ విలియం మరెల్ ముందు తన మీదే ప్రయోగించుకుని, తర్వాత యాంజైనా రోగులకు ఇచ్చాడు. నొప్పి తగ్గింది. డైనమైట్ ఫ్యాక్టరీల్లోనూ ఓ వింత కనిపించేది. సెలవు తర్వాత సోమవారం డ్యూటీకి రాగానే కూలీలకు తలనొప్పి. గుండెజబ్బు ఉన్న కొందరికైతే పనిలో ఉన్నన్నాళ్లూ బాగానే ఉండి, సెలవు రోజున ఛాతీ నొప్పి వచ్చేది.

యాంజైనా అంటే గుండె కండరానికి రక్తం చాలక వచ్చే నొప్పి. జీడిపిక్కల బస్తా ఎత్తినప్పుడో, మెట్లు ఎక్కినప్పుడో ఛాతీ పట్టేసి, కాసేపు కూర్చుంటే తగ్గుతుంది. చాలామంది గ్యాస్ అనుకుని సోడా తాగి ఊరుకుంటారు. అసలు ప్రమాదం అక్కడే. ఇప్పుడు ఎక్కువగా వాడే సార్బిట్రేట్ నైట్రోగ్లిజరిన్‌కు తోబుట్టువు లాంటిది. రక్తనాళాలను వదులు చేసి గుండె మీద బరువు దించుతుంది. బ్లాక్‌ను మాత్రం కరిగించదు. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లు, గడ్డకట్టకుండా ఆస్పిరిన్, కొలెస్ట్రాల్‌కు స్టాటిన్ విడిగా వాడాల్సిందే. డాక్టర్ రాసిచ్చినవాళ్లే, అదీ కూర్చునే పెట్టుకోవాలి. బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. వయాగ్రా లాంటివి వాడినవాళ్లు అస్సలు ముట్టుకోకూడదు. 5 నిమిషాల్లో నొప్పి తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. ఉద్దానం కిడ్నీ రోగులకు గుండెజబ్బు ముప్పు మామూలు వాళ్లకంటే ఎక్కువ. ఛాతీ నొప్పి అని సొంతంగా పెయిన్ కిల్లర్ మింగితే ఉన్న కిడ్నీ కూడా దెబ్బతింటుంది.

నోబెల్ విషయానికొస్తే, యాంజైనా ముదిరాక డాక్టర్లు నైట్రోగ్లిజరినే రాశారు. పేరు వింటే జనం జడుసుకుంటారని మందుల షాపుల్లో దాన్ని ట్రైనైట్రిన్ అనేవారు. ఇది విధి ఆడిన పరిహాసమంటూ 1896 అక్టోబర్‌లో ఆయన తన సహాయకుడు సోల్మన్‌కు ఉత్తరం రాశాడు. డిసెంబర్ 10న ఇటలీలోని శాన్ రెమోలో, మెదడులో రక్తస్రావమై 63 ఏళ్లకు కన్నుమూశాడు. పెళ్లి లేదు, పక్కన అయినవాళ్లు లేరు, పనివాళ్లు తప్ప. ఏడాది ముందే ఆస్తిలో ఎక్కువ భాగం బహుమతులకు రాసేశాడు.

ఆ మందు ఒంట్లో ఎలా పనిచేస్తుందో వందేళ్ల దాకా అంతుచిక్కలేదు. దాని నుంచి వెలువడే నైట్రిక్ ఆక్సైడ్ వాయువే నాళాలను సడలిస్తుందని తర్వాత తేలింది. మన ఒంట్లో కూడా ఆ వాయువే ఈ పని చేస్తుందని కనిపెట్టిన ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మురాద్‌లకు 1998లో వైద్య బహుమతి దక్కింది. అదీ డైనమైట్ డబ్బుతో పెట్టిన నోబెల్ బహుమతే!