పాత నవ్వుల వెనుక కలం.. శరద్ జోషి

సాక్చి (జంషెడ్‌పూర్): సువర్ణరేఖ, ఖర్కాయి నదుల సంగమానికి చేరువలోని సాక్చి గ్రామం ఉక్కు కర్మాగారం రాకతో నగరమైంది. 1919లో ఆ నగరానికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టిన తరువాత సాక్చి అన్న పేరు ఒక పేటకు, దాని బజారుకు మిగిలింది. ఉపాధి కోసం బెంగాల్, ఒడిశా, పంజాబ్, ఆంధ్ర, తమిళ ప్రాంతాల నుంచి వచ్చిన కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. ఇంటికొక మాతృభాష ఉన్న ఇటువంటి పట్టణాలకు 1980లలో దూరదర్శన్ జాతీయ ప్రసారాలు ఉమ్మడి వినోదమయ్యాయి. నాటి హాస్య ధారావాహికలు నేడు మొబైల్ తెరపై మళ్లీ కనిపిస్తున్నాయి. వాటిలో నటించినవారి ముఖాలు చాలామందికి గుర్తున్నాయి. రాసినవారి పేర్లే మరుగున పడ్డాయి. అటువంటి పేర్లలో మొదట చెప్పుకోవలసినది శరద్ జోషిది.

ఉద్యోగం వదిలి రచనలోకి

శరద్ జోషి 1931 మే 21న ఉజ్జయినిలో జన్మించారు. తెలుగువారి ముళ్లపూడి వెంకటరమణ పుట్టింది కూడా అదే ఏడాది జూన్‌లోనే. ఇద్దరూ పత్రికా రచనతో పేరు తెచ్చుకొని, ఆ చమత్కారాన్ని తెరకు తీసుకువెళ్లినవారే. జోషి ఇందౌర్‌లో చదువుకున్నారు. అక్కడి పత్రికల్లో వ్యంగ్య వ్యాసాలు రాస్తూ పాఠకులకు పరిచయమయ్యారు. కొంతకాలం మధ్యప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగం చేశారు. తరువాత దానిని వదులుకొని రచననే జీవనాధారం చేసుకున్నారు. హిందీలో వ్యంగ్య రచనను నమ్ముకొని కుటుంబాన్ని పోషించడం ఆనాడు సాహసమే. పత్రికలు ఇచ్చే పారితోషికం స్వల్పం. నెల జీతం ఇచ్చే భరోసా అందులో లేదు.

వ్యక్తిగత జీవితంలోనూ ఆయన సులువైన దారి ఎంచుకోలేదు. రచయిత్రి, నటి ఇర్ఫానా సిద్దిఖీని వివాహం చేసుకున్నారు. మతాంతర వివాహానికి సమాజం సులభంగా ఒప్పుకోని కాలమది. వారి కుమార్తెలలో ఒకరైన నేహా శరద్ నటిగా పేరు పొందారు.

గొంగళి పురుగులు, గాడిద

కార్యాలయాల లోపలి తీరు తెలిసినవారు కావడంతో జోషి రచనల్లో అధికార యంత్రాంగం తరచూ కనిపిస్తుంది. ‘జీప్ పర్ సవార్ ఇల్లియా’ అన్న రచనలో శనగ చేలకు పట్టిన గొంగళి పురుగులను పరిశీలించడానికి అధికారులు జీపులో బయలుదేరుతారు. చేలోని పచ్చి శనగలను వారే ఆరగిస్తారు. పంటను తింటున్న పురుగులెవరో పాఠకుడికి విడమరచి చెప్పవలసిన అవసరం ఉండదు. ‘ఏక్ థా గధా ఉర్ఫ్ అలాదాద్ ఖాన్’ నాటకంలో ఒక నవాబు పేరు ప్రతిష్ఠల కోసం సామాన్యుడి అంత్యక్రియలకు హాజరవుతానని ప్రకటిస్తాడు. చనిపోయినది అదే పేరున్న గాడిద అని ఆ తరువాత తెలుస్తుంది. పాలకుడి మాట నిలబెట్టడానికి ఆ పేరుగల మనిషి ప్రాణం కోల్పోవలసి వస్తుంది. ఈ నాటకాన్ని హిందీ రంగస్థలం విస్తృతంగా ప్రదర్శించింది.

కవి సమ్మేళనాల వేదికపై వచనం చదివి శ్రోతలను కూర్చోబెట్టిన ఘనత కూడా ఆయనదే. రాగం, ప్రాస లేకుండా మామూలు మాటలతో పెద్ద సభను నవ్వించడం ఆయనకు అలవాటైంది. సంభాషణా రచనలో ఆ సాధన అక్కరకు వచ్చింది.

ఇంటింటి కథ

ముంబయికి మారిన తరువాత ఆయన సినిమాలకు మాటలు రాశారు. బాసు చటర్జీ ‘ఛోటీ సీ బాత్’, గిరీశ్ కర్నాడ్ ‘ఉత్సవ్’ వాటిలో ముఖ్యమైనవి. 1984లో దూరదర్శన్‌లో ‘హమ్ లోగ్’తో ధారావాహికల యుగం మొదలైంది. అదే ఏడాది ‘యే జో హై జిందగీ’ వచ్చింది. ఎస్.ఎస్. ఒబెరాయ్ నిర్మించిన ఈ ధారావాహిక దర్శకులలో ‘జానే భీ దో యారో’ తీసిన కుందన్ షా ఉన్నారు. తొలి భాగాలను శరద్ జోషి రాశారు. తరువాత ఇతర రచయితలు చేరారు.

కథ చాలా చిన్నది. రంజిత్, రేణు అనే దంపతులు, ఉద్యోగం లేక వారింట్లోనే ఉంటున్న రేణు తమ్ముడు రాజా, ఇరుగుపొరుగు.. ఇంతే. షఫీ ఇనాందార్, స్వరూప్ సంపత్, రాకేశ్ బేడీ ఈ పాత్రలు పోషించారు. సతీశ్ షా ప్రతి భాగంలో ఒక కొత్త వేషంతో వచ్చేవారు. శీర్షిక గీతాన్ని కిశోర్ కుమార్ పాడారు.

ప్రభుత్వ యంత్రాంగాన్ని ఎగతాళి చేసిన రచయిత, దేశంలో ప్రభుత్వ చానెల్ తప్ప మరొకటి లేని కాలంలో దానికే రాయవలసి వచ్చింది. పత్రికలో రాసినంత పదునుగా అక్కడ రాయడం సాధ్యం కాదు. ఆయన దృష్టిని కార్యాలయం నుంచి ఇంటికి మళ్లించారు. చాలని జీతం, పిలవకుండా వచ్చే అతిథి, భార్యాభర్తల చిన్న అబద్ధాలు ఆయనకు ముడిసరుకయ్యాయి. ఎవరినీ కించపరచకుండా నవ్వించడం వల్లనే ఈ ధారావాహిక హిందీ అంతగా రాని ఇళ్లలోనూ ఆదరణ పొందింది.

చివరి రోజులు, మలి జీవితం

తెర మీద విజయం వచ్చినా జోషి పత్రికను వదలలేదు. ‘నవభారత్ టైమ్స్’లో ‘ప్రతిదిన్’ శీర్షికను ఏళ్ల తరబడి రాశారు. రోజూ ఒక కొత్త విషయం వెతుక్కోవలసిన ఆ శ్రమను జీవితాంతం కొనసాగించారు. 1990లో భారత ప్రభుత్వం ఆయనకు పద్మశ్రీ ప్రకటించింది. 1991 సెప్టెంబర్ 5న ముంబయిలో ఆయన కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు అరవై ఏళ్లు. ఆయన మాటలు రాసిన ‘దిల్ హై కే మాన్తా నహీ’ ఆ ఏడాదే విడుదలైంది.

పుస్తకం అచ్చయి అలమరలో నిలుస్తుంది. నాటి టెలివిజన్ రచనకు ఆ భాగ్యం లేదు. ప్రసారం ముగిస్తే మళ్లీ చూసే దారి ఉండేది కాదు. 2009లో సబ్ టీవీ ఆయన కథల ఆధారంగా ‘లాపతాగంజ్’ ప్రసారం చేయడంతో కొత్త తరానికి ఆయన పేరు చేరింది. 2020 లాక్‌డౌన్‌లో దూరదర్శన్ పాత ధారావాహికలను పునఃప్రసారం చేసింది. 2024 నవంబర్‌లో ప్రసార భారతి ‘వేవ్స్’ వేదికను ప్రారంభించింది. యూట్యూబ్‌లోనూ నాటి హాస్య ధారావాహికల భాగాలు దొరుకుతున్నాయి.

అయితే ఇటువంటి వేదికలపై బొమ్మ కింద సాధారణంగా కనిపించేవి నటుల పేర్లే. రచయిత పేరు శీర్షికలలో క్షణకాలం మెరిసి వెళ్లిపోతుంది. వాటిని దాటవేసే మీట కూడా తెరపైనే ఉంటుంది. ఆ మీట నొక్కకుండా కాసేపు ఆగిన ప్రేక్షకుడికి, ఉద్యోగ భద్రతను వదులుకొని నవ్వును నమ్ముకున్న ఆ రచయిత పేరు కనిపిస్తుంది.