కలియుగ భీముడు

నాలుగు గోడల నడుమ చెమటోడ్చి దేహాన్ని తీర్చిదిద్దుకోవడం ట్రెడ్‌మిల్ వచ్చిన తరువాత పుట్టిన అలవాటు కాదు. విద్యుత్ పంకాల ఊసే లేని రోజుల్లో తెలుగు ఊళ్లలో తాలింఖానాలు ఉండేవి. తల వంచి లోనికి పోవలసిన వాకిలి, గాలి అంతగా చొరని గది, నడుమ మెత్తని మట్టి పరచిన గోదా, ఒక మూల గదలు, రాతి గుండ్లు, గోడకు ఆంజనేయస్వామి పటం. కోడి కూయక ముందే యువకులు అక్కడ చేరి దండీలు, బస్కీలు తీసేవారు. తెల్లవారేసరికి వారి దేహాల నుండి కారిన చెమటతో గోదాలోని మట్టి తడిసి ముద్దయ్యేది. అలాంటి తాలింఖానాలో బాల్యం నుండి సాధన చేసి, తన బలంతో దేశదేశాల వారిని ఆశ్చర్యపరచిన తెలుగు మల్లుడు కోడి రామమూర్తి నాయుడు.

రామమూర్తి నాయుడు 1882లో వీరఘట్టంలో జన్మించాడు. ఆ ఊరు చాలాకాలం శ్రీకాకుళం జిల్లాలో ఉండి, 2022లో ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో చేరింది. తండ్రి పేరు వెంకన్న నాయుడు. చిన్నతనంలోనే తల్లి మరణించింది. తల్లి లేని పిల్లవాడు చదువు మీద మనసు నిలుపలేక అల్లరిగా తిరిగేవాడు. తండ్రి ఎంతో ఆలోచించి, అతణ్ణి విజయనగరంలో పోలీసు శాఖలో పనిచేస్తున్న తన తమ్ముడు నారాయణస్వామి నాయుడి ఇంటికి పంపాడు. పినతండ్రి కూడా బాలుణ్ణి బడికే పంపాడు. కానీ ఆ బాలుని కాళ్లు బడివైపు కాక తాలింఖానావైపే నడిచేవి. సంగీత సాహిత్యాలకు నిలయమని పేరొందిన విజయనగరంలో మల్లవిద్యకూ ఆదరణ ఉండేది. అక్కడి గోదాయే రామమూర్తికి బడి అయింది.

గోదాలో బాలుడు మొదట నేర్చేది కుస్తీ పట్లు కాదు, అలసటను ఓర్చుకోవడం. కొత్తగా చేరినవాడు పది బస్కీలు తీసేసరికి ఊపిరి అందక ఉక్కిరిబిక్కిరి అవుతాడు. ముఖం ఎర్రబడుతుంది కాని చెమట ఆలస్యంగా పడుతుంది. కొన్ని వారాలు గడిచాక అదే దేహం పని మొదలుపెట్టీ పెట్టకముందే చెమర్చడం ఆరంభిస్తుంది. ఇది నీరసానికి గుర్తని పొరబడేవారున్నారు. నిజానికిది సాధన ఫలం. కండరం ఖర్చుచేసే శక్తిలో నాలుగో వంతుకు మించి పనిగా మారదు. మిగిలినదంతా వేడిగా వెలువడుతుంది. ఆ వేడిని బయటికి పంపకపోతే దేహం నిలువదు. అందుకే చర్మం కింద ఇరవై నుండి నలభై లక్షల వరకు స్వేదగ్రంథులు ఉన్నాయి. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలోకేలరీల వేడి దేహాన్ని విడిచిపోతుంది. వేడికి అలవాటుపడిన దేహంలో ఈ ఏర్పాటు ముందుగానే మేలుకొంటుంది. చెమటతో పోయే ఉప్పు కూడా తగ్గుతుంది. రెండు వారాల సాధనతోనే ఈ మార్పు కనిపిస్తుందని శరీరశాస్త్రం చెబుతున్నది. రామమూర్తి సాధన రెండు వారాలతో ముగిసినది కాదు, ఏళ్లతరబడి సాగినది.

అయితే చెమట కారినంత మాత్రాన దేహం చల్లబడదు. ఆవిరైన చెమటే వేడిని తీసుకుపోతుంది. నేలమీద రాలిన చెమట దేహంలోని నీటిని తగ్గించడమే తప్ప వేరే మేలు చేయదు. నెల్లూరు జిల్లా పడమటి మెట్టలో, ఉదయగిరి, వరికుంటపాడు వైపు వేసవిలో పొలం పనిచేసే రైతు చొక్కా తడిసినట్టే తడిసి, పొడిగాలికి వెంటనే ఆరిపోయి, ఉప్పుచారలు మిగులుతాయి. ఎండ నిప్పులు చెరిగినా అక్కడ చెమట తన పని తాను చేస్తుంది. విజయనగరం, విశాఖపట్టణం వంటి సముద్రపు గాలి తగిలే చోట్ల తేమ ఎక్కువ. అక్కడ చెమట ఆరక ఒంటికి అంటుకొంటుంది. అందులోనూ మూసిన గదిలో అయితే చెప్పనక్కరలేదు. నేటి ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తేవారి అవస్థ కూడా ఇదే. దారివెంట పరుగెత్తేవానికి ఎదురుగాలి తగులుతుంది. పట్టా తానే వెనుకకు జరిగే యంత్రం మీద మనిషి ఉన్నచోటనే ఉంటాడు గనుక ఆ గాలి ఉండదు. అందువల్ల అదే వేగానికి అతడు ఎక్కువగా తడిసిపోతాడు. ఎక్కువ తడిశాడు గనుక ఎక్కువ వ్యాయామం చేశాడని భావించడం పొరపాటు. చెమటతో తగ్గిన బరువు నీటి బరువే. నీరు తాగగానే అది తిరిగి వస్తుంది. ఇంతకూ ఈ యంత్రపు పూర్వచరిత్ర వ్యాయామశాలది కాదు, చెరసాలది. 1818లో ఇంగ్లండులో విలియం క్యూబిట్ అనే ఇంజనీరు ఖైదీల చేత మెట్లచక్రం తొక్కించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. రామమూర్తి పదహారేళ్ల ప్రాయంలో గోదామట్టిలో ఇష్టపడి చెమటోడ్చుతున్న 1898లో, అక్కడ ఆ శిక్షకు స్వస్తి పలికే చట్టం వచ్చింది.

యౌవనంలో అడుగుపెట్టిన రామమూర్తి తన విద్య గోదాతోనే ఆగిపోరాదని తలచాడు. మద్రాసు చేరి సైదాపేటలో ఒక సంవత్సరం వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరానికి తిరిగివచ్చి, తాను చదివిన పాఠశాలలోనే వ్యాయామ ఉపాధ్యాయుడయ్యాడు. ఒకనాడు చదువు తప్పించుకు తిరిగిన ఊళ్లోనే ఉపాధ్యాయుడై నిలవడం విశేషమే. ఉద్యోగం స్థిరమైనదే కాని ఆ దేహానికి బడి మైదానం చాలలేదు.

మిత్రుల సహకారంతో ఆయన సర్కస్ సంస్థను నెలకొల్పాడు. గుడారం ఏ ఊళ్లో వేసినా జనం విరగబడి వచ్చేవారు. ఛాతీకి ఇనుపగొలుసు చుట్టించుకొని, నిండుగా గాలి పీల్చి, కండరాలు బిగించి దానిని తెంచేవాడు. రెండు చేతులకు రెండు కార్లు కట్టించుకొని, అవి ఎదురెదురు దిక్కులకు లాగుతుండగా కదలక నిలిచేవాడు. ఛాతీమీద పలక వేయించుకొని ఏనుగును దానిపై నిలబెట్టించుకొనేవాడు. వీటిలో కొన్నింటి చుట్టూ కథలూ అల్లుకొన్నాయి. వైస్రాయి మింటో ప్రభువు కారును వెనుక నుండి పట్టి ఆపాడని చెప్పుకొంటారు. నోటి మాటగా వచ్చిన ఇలాంటి ముచ్చట్లలో బరువులూ నిమిషాలూ చెప్పేవారిని బట్టి పెరుగుతుంటాయి. వాటిని పక్కన పెట్టినా ఆయన ఘనత తగ్గదు. ఏనుగు పాదం పలక మీద మోపగానే మల్లుడు ఊపిరిని బిగబట్టి, పక్కటెముకల గూటిని గట్టిగా నిలపాలి. ఒక్క క్షణం పట్టు సడలితే ప్రాణానికే ముప్పు. గుడారంలోని దీపాల వేడిలో, వేలమంది ఊపిరుల ఉక్కపోతలో, చెమటతో జారే ఒంటితో ఆ పని చేయాలి. చూచేవారికి అది కొన్ని నిమిషాల వేడుక. చేసేవానికి మాత్రం ఆ నిమిషాల వెనుక ఇన్నేళ్ల తెల్లవారుజాములు ఉన్నాయి.

ఆయన శాకాహారి. మాంసం తిననిదే బలం రాదనే నమ్మకం గట్టిగా ఉన్న కాలంలో ఆయన దేహమే దానికి బదులు చెప్పింది. ప్రాణాయామాన్ని వ్యాయామంతో సమానంగా సాధన చేశాడు. శ్వాస మీద అదుపు లేనివాడు కండ ఎంత పెంచినా ఏనుగు కింద పడుకోలేడు గదా! దేశంలో ఆయనకు కలియుగ భీముడనే పేరు వచ్చింది. బాలగంగాధర తిలక్ ఆయనను ఆదరించి మల్ల మార్తాండ బిరుదుతో గౌరవించాడని చెబుతారు. ఇంగ్లండులో అయిదవ జార్జి చక్రవర్తి దంపతుల ఎదుట ప్రదర్శన ఇచ్చి ఇండియన్ హెర్క్యులస్ అనిపించుకొన్నాడని ప్రసిద్ధి. పరాయి పాలనలో తమ జాతి దుర్బలమైనదన్న మాటను నిత్యం వింటున్న జనానికి, పాలకుల గడ్డ మీదనే ఒక తెలుగువాడు ఇలా నిలవడం ఎంత ధైర్యమిచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆ రోజుల్లో ఊరూరా పిల్లలు గట్టిగా ఉన్నవాణ్ణి చూపి రామమూర్తి అని పిలిచేవారు.

సర్కస్ వల్ల ఆయన అపారంగా ఆర్జించాడు. ఆర్జించినంతా దానధర్మాలకూ, నమ్మి వచ్చినవారికీ ఖర్చయింది. చివరి రోజుల్లో కష్టాలు చుట్టుముట్టాయి. కాలిమీద పుండు లేచి ఎంతకూ మానలేదు. ప్రాణం దక్కాలంటే కాలు తీయక తప్పదని వైద్యులు తేల్చారు. శస్త్రచికిత్స వేళ మత్తుమందు వద్దని, ప్రాణాయామంతోనే బాధను ఓర్చుకొన్నాడని చెబుతారు. రెండు కార్ల మధ్య కదలక నిలిచిన మనిషి ఒక్క కాలితో మిగిలాడు. దేహమే జీవనాధారమైనవానికి అంతకు మించిన దెబ్బ లేదు. గుడారమూ, జనమూ, చప్పట్లూ దూరమయ్యాయి. ఆ స్థితిలో ఒరిస్సాలోని పాట్నా సంస్థానాధీశుడు ఆయనకు ఆశ్రయమిచ్చాడు. ఆ సంస్థానపు ముఖ్యపట్టణమైన బలాంగీర్‌లో ఆయన శేషజీవితం గడిపాడు.

సంక్రాంతి పండుగ రోజుల్లో, 1942 జనవరి 16న, రామమూర్తి నాయుడు అక్కడే కన్నుమూశాడు. శ్రీకాకుళంలోని క్రీడామైదానానికి ఆయన పేరు పెట్టారు. విశాఖపట్టణం సముద్రతీరంలో ఆయన విగ్రహాన్ని నిలిపారు. తెల్లవారుజామున ఆ తీరం వెంట పరుగెత్తేవారు చెమట తుడుచుకొంటూ దాని పక్కగానే సాగిపోతుంటారు.