రూపాయి మీది రాజుగారు

జగ్గయ్యపేటలో మా అమ్మమ్మ పోపుల పెట్టెలో ఆరో జార్జి బొమ్మ ఉన్న రూపాయి బిళ్ల ఒకటి దాచుకునేది. రాజుకేం బాధలుంటాయిలే అనుకునేదాన్ని చిన్నప్పుడు. ఆయన కథ చదివాక జాలేసింది.

1895లో పుట్టాడు. నత్తి. కుర్రతనంలోనే సిగరెట్టు పట్టాడు. తండ్రి అయిదో జార్జీ, తాత ఏడో ఎడ్వర్డూ పొగ తాగీ తాగీ ఊపిరి జబ్బులతో తీసుకున్నవాళ్లే! 1923లో ఎలిజబెత్‌ను పెళ్లాడాడు, ఇద్దరు ఆడపిల్లలు. 1936లో అన్నగారు గద్దె వదిలేస్తే కోరని కిరీటం నెత్తిన పడింది. ఆపైన యుద్ధం. సిగరెట్లు పెరిగాయే గానీ తగ్గలేదు.

ముందు కాళ్లకు రక్తం ఆడక 1949లో ఆపరేషనైంది. 1951 సెప్టెంబరు 23న ఎడమ ఊపిరితిత్తి మొత్తం తీసేశారు. కేన్సరని ఆయనకు చెప్పనే లేదు. అప్పటికి ఏడాది ముందే, అదే లండన్‌లో డాల్, హిల్ అనే ఇద్దరు పరిశోధకులు సిగరెట్టుకూ ఈ కేన్సరుకూ ఉన్న సంబంధాన్ని ప్రచురించారు. ఆ క్రిస్మస్‌కు రేడియో ప్రసంగం ఒక్క బిగిన చదివే ఊపిరి లేక, ముక్కలు ముక్కలుగా రికార్డు చేశారట. 1952 ఫిబ్రవరి 6న నిద్రలోనే పోయాడు, గుండెకు రక్తం అందక. 56 ఏళ్లే. భార్యకు 51. మరో యాభై ఏళ్లు ఒంటరిగా బతికింది ఆ ఇల్లాలు. చిన్నకూతురు మార్గరెట్‌కూ అదే అలవాటు. 1985లో ఆమెకూ ఊపిరితిత్తిలో కొంత ముక్క కోసి తీశారు. 2002లో ఆ కూతురు పోవడం కూడా తల్లి చూడాల్సొచ్చింది.

ఇదంతా ఎందుకు చదివానంటే, మా నాన్నగారి వల్ల. డాబా మెట్లు నాలుగెక్కి నిలబడిపోతుంటే నందిగామ తీసుకెళ్లాం. డాక్టరుగారు గొట్టంలోకి గట్టిగా ఊదమన్నారు. మొదటి సెకనులో ఎంత గాలి బయటికొస్తుందో చూస్తారట. వయసు మీద పడేకొద్దీ ఎవరికైనా ఆ గాలి ఏటా 30 మిల్లీలీటర్ల దాకా తగ్గుతుంది. పొగ తాగేవాళ్లలో చాలామందికి అంతకు రెట్టింపు. పోయింది తిరిగి రాదు. మానేస్తే మాత్రం తరుగుడు మళ్లీ మామూలు దారిన పడుతుంది. రాజుగారికి ఇలా విడమరిచి చెప్పినవాళ్లున్నారో లేదో!

నాన్నగారు ఆ రోజు జగ్గయ్యపేట బస్సులో దారిపొడుగునా జేబు తడుముకుంటూనే ఉన్నారు. అప్పటికి ఆయనకు 58. మళ్లీ ముట్టలేదు. మెట్లెక్కితే ఆయాసం ఇప్పటికీ ఉంది. అయితే, ఆ నాలుగో మెట్టు దగ్గరే ఉంది, మూడో మెట్టుకు దిగలేదు.