రుడాల్ఫ్ డీజిల్

రుడాల్ఫ్ డీజిల్ (మార్చి 18, 1858 - సెప్టెంబరు 29, 1913) జర్మనీకి చెందిన ఇంజనీరు. నిప్పురవ్వ అవసరం లేకుండా, గాలిని గట్టిగా అదిమినపుడు పుట్టే వేడితోనే ఇంధనాన్ని మండించే ఇంజనును రూపొందించాడు. ఇతని పేరు మొదట ఆ ఇంజనుకు, తరువాత అందులో పోసే నూనెకు స్థిరపడినది. బంకులో డీజిల్ పోయించుకొనేవారిలో అది ఒక మనిషి ఇంటిపేరని తెలిసినవారు తక్కువే.

బాల్యము, విద్య

డీజిల్ పారిస్ నగరంలో జన్మించాడు. తల్లిదండ్రులు జర్మనీలోని బవేరియా ప్రాంతంనుండి వలస వచ్చినవారు. తండ్రి థియొడోర్ తోలు వస్తువులు తయారుచేసేవాడు. 1870లో ఫ్రాన్సుకు, ప్రష్యాకు యుద్ధం మొదలవడంతో ఆ కుటుంబం లండన్ చేరవలసి వచ్చినది. అక్కడినుండి రుడాల్ఫ్‌ను ఆగ్స్‌బర్గ్‌లోని బంధువుల ఇంటికి చదువుకు పంపారు. తరువాత మ్యూనిక్ సాంకేతిక కళాశాలలో చేరాడు. టైఫాయిడ్ వలన 1879లో చివరి పరీక్ష తప్పిపోగా, 1880 జనవరిలో వ్రాసి అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు.

అక్కడ అతని గురువు శీతలీకరణ యంత్రాలకు ప్రసిద్ధుడైన కార్ల్ వాన్ లిండే. ఆవిరి యంత్రం తనకిచ్చిన బొగ్గులోని వేడిలో సుమారు పదోవంతు మాత్రమే పనిగా మార్చగలదని, మిగిలినదంతా వృథా అని డీజిల్ తెలుసుకొన్నది ఈ కళాశాలలోనే. ఆ వృథాను తగ్గించడమే అతని జీవిత లక్ష్యమయినది. చదువు తరువాత పారిస్‌లో లిండే సంస్థకు పనిచేస్తూ, నీటి ఆవిరికి బదులు అమ్మోనియాతో నడిచే యంత్రంకోసం చాలా సంవత్సరాలు ప్రయత్నించాడు కాని ఫలితం రాలేదు. 1883లో మార్తా ఫ్లాషెను వివాహమాడాడు. వారికి ముగ్గురు పిల్లలు.

ఆగ్స్‌బర్గ్ ప్రయోగాలు

1892లో కొత్త ఇంజనుకు పేటెంటుకోసం దరఖాస్తు చేసి, మరుసటి సంవత్సరం తన సిద్ధాంతాన్ని పుస్తకరూపంలో ప్రచురించాడు. సూత్రం క్లుప్తంగా ఇది: సిలిండరులోనికి గాలిని మాత్రమే పీల్చుకొని పిస్టనుతో బాగా అదిమితే అది ఎర్రగా కాలిన ఇనుమంత వేడెక్కుతుంది. అప్పుడు ఇంధనాన్ని తుంపరగా చిమ్మితే దానంతట అదే అంటుకొంటుంది. అయితే కాగితంమీద అతడు ఊహించిన పీడనం 250 వాతావరణాల వరకు ఉండేది. ఆనాటి పోతపనికి అది అందనిది. లెక్కలు సవరించి, దానిని చాలా తగ్గించుకోవలసి వచ్చినది.

ఆగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారం, క్రుప్ సంస్థ ఖర్చు భరించడానికి అంగీకరించాయి. 1893 ఆగస్టు 10న మొదటి ఇంజనును బయటినుండి బెల్టుతో త్రిప్పుతూ పెట్రోలు చిమ్మారు. పీడనం సుమారు 80 వాతావరణాలకు చేరి, దానిని కొలిచే పరికరం పేలి ముక్కలు చెల్లాచెదురయ్యాయి. ఇంజను తన శక్తితో ఒక్క చుట్టు కూడా తిరగలేదు. అయినా ఇంధనం దానంతట అది మండిందన్న ఒక్క విషయం తేలినది. డీజిల్‌కు ఆ రోజుకు అది చాలు.

ఇంజనును మార్చి కట్టారు. 1894 ఫిబ్రవరి 17న అది సుమారు ఒక నిమిషంపాటు, 88 చుట్లు స్వయంగా తిరిగినది. బెల్టు వదులవడం చూసి ఇంజను బెల్టునే లాగుతున్నదని గ్రహించిన మెకానిక్ లిండర్ మాటలేమీ లేకుండా టోపీ తీసి వందనం చేశాడని చెబుతారు. నమ్మకంగా పనిచేసే ఇంజను రావడానికి ఇంకా మూడేళ్ళు పట్టినది. 1897 ఫిబ్రవరిలో ప్రొఫెసర్ మోరిట్జ్ ష్రోటర్ పరీక్షించి, 20 అశ్వశక్తుల ఆ ఇంజను ఇంధనపు వేడిలో 26.2 శాతాన్ని పనిగా మారుస్తున్నదని నిర్ధారించాడు. ఆ ఇంజను మ్యూనిక్‌లోని జర్మన్ మ్యూజియంలో ఉన్నది.

చెడిపోయిన ఇంజనులు

పరీక్షశాలలో గెలిచిన ఇంజను కర్మాగారంలో నిలువలేకపోయినది. 1898లో కెంప్టెన్‌లోని అగ్గిపెట్టెల కర్మాగారంలో అమర్చిన 60 అశ్వశక్తుల ఇంజను మాటిమాటికీ ఆగిపోయేది. దానిని దారికి తేవడానికి ఆగ్స్‌బర్గ్‌నుండి మనుషులు వెళ్ళవలసి వచ్చేది. ఇతర కొనుగోలుదారులు కూడా ఇంజనులను తిప్పిపంపారు. డీజిల్ పేరుతో ఆగ్స్‌బర్గ్‌లో నెలకొల్పిన కర్మాగారం ఈ దెబ్బకు కోలుకోలేదు.

లోపాల మూలం చాలావరకు ఇంధనాన్ని లోనికి పంపే పద్ధతిలో ఉన్నది. అప్పట్లో ఇంధనాన్ని అధిక పీడనంగల గాలితో ఊదేవారు. అందుకు ఇంజనుకు తోడుగా కంప్రెసరు ఉండాలి. కంప్రెసరుకు కందెన నూనె తక్కువైతే భాగాలు అరిగి పట్టేస్తాయి, ఎక్కువైతే నూనె ఆవిరి వేడిగాలిలో పేలే ప్రమాదమున్నది. ఇంతటి జాగ్రత్త ఆనాటి సాధారణ కర్మాగారపు పనివానికి కొత్త. ఇమాన్యుయెల్ లౌస్టర్ వంటి ఇంజనీర్లు ఒక్కొక్క భాగాన్ని ఓపికగా మార్చుకొంటూ వచ్చాకనే ఇంజను నిలద్రొక్కుకొన్నది. ఈ కీర్తిలో వారి వాటా చాలా పుస్తకాలలో కనిపించదు. పని ఒత్తిడితోను, పేటెంటు వివాదాలతోను నలిగిన డీజిల్ 1898లో చికిత్సాలయంలో చేరవలసి వచ్చినది.

ఏ నూనెతో నడపాలి?

బొగ్గుపొడితో నడపాలని కూడా డీజిల్ తలచాడు కాని దాని బూడిద సిలిండరును, పిస్టనును అరగదీస్తుంది. చివరకు ముడి నూనెలోని చవకైన భాగాలే అనుకూలించాయి. 1900 పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచినది. తమ ఆఫ్రికా వలసలలో ఉపయోగపడుతుందని ఫ్రెంచి ప్రభుత్వం ఆసక్తి చూపినది. మొక్కలనుండి తీసిన నూనెలకు మంచి భవిష్యత్తున్నదని డీజిల్ 1912లో కూడా అభిప్రాయపడ్డాడు.

అదే సంవత్సరం సెలాండియా అనే పెద్ద ఓడ డీజిల్ ఇంజనులతో సముద్రయానం చేసినది. కంప్రెసరు బరువు వలన కారులో మాత్రం ఈ ఇంజను ఇమడలేదు. 1920లలో ఇంధనాన్ని పంపుతో నేరుగా చిమ్మే పద్ధతి వచ్చాక లారీలలోను, 1936లో మెర్సిడెస్-బెంజ్ 260 డి కారులోను ప్రవేశించినది. తెలుగు పల్లెలలో బావులవద్ద నీరు తోడిన ఆయిల్ ఇంజనులు కూడా చాలావరకు ఈ జాతివే.

మరణము

లైసెన్సుల అమ్మకంతో డీజిల్ కోటీశ్వరుడయ్యాడు. అమెరికా హక్కులకే పది లక్షల మార్కులు వచ్చాయి. అయితే భూముల కొనుగోళ్ళు, చమురు క్షేత్రాలలో పెట్టుబడులు ఆ ధనాన్ని హరించాయి. 1913 సెప్టెంబరు 29న ఆంట్వర్ప్‌లో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కి ఇంగ్లండుకు బయలుదేరాడు. రాత్రి భోజనం తరువాత సుమారు పది గంటలకు, ఉదయం 6.15కు లేపమని చెప్పి గదికి వెళ్ళాడు. తెల్లవారేసరికి గది ఖాళీగా ఉన్నది. పక్కమీద పడుకొన్న జాడ లేదు. కొన్ని రోజులకు ఒక డచ్చి పడవవారికి సముద్రంలో శవం కనిపించినది. జేబులోని వస్తువులు తీసుకొని శవాన్ని తిరిగి నీటిలో వదిలివేశారు. ఆ వస్తువులు తండ్రివేనని కుమారుడు యూజెన్ అక్టోబరు 13న గుర్తించాడు.

అప్పుల భారంతో ఆత్మహత్య చేసుకొన్నాడని జీవితచరిత్రకారులలో ఎక్కువమంది భావిస్తారు. బయలుదేరేముందు భార్యకిచ్చిన సంచిలో 20,000 మార్కుల నగదు, బ్యాంకు ఖాతాలు ఖాళీ అయినట్లు తెలిపే కాగితాలు ఉన్నాయి. దినచర్య పుస్తకంలో ఆ తేదీవద్ద శిలువ గుర్తు ఉన్నది. హత్య జరిగినదన్న ఊహలు అప్పటి పత్రికలలోనే మొదలయ్యాయి కాని వాటికి ఆధారాలు దొరకలేదు.