ప్రజల చరిత్రకారుడు – సురవరం ప్రతాపరెడ్డి

రాజుల జయాపజయాలనే చరిత్రగా చదివే విద్యార్థికి గతం పరాయిదిగానే తోస్తుంది. ఆ గతంలో తమ తాతముత్తాతలు ఉన్నారని తెలుగువారికి చూపిన మహనీయుడు సురవరం ప్రతాపరెడ్డి.

ఆయన 1896లో పాలమూరు ప్రాంతంలో జన్మించారు. న్యాయశాస్త్రం అభ్యసించినా, తెలుగుకు ఆదరణ కరవైన నిజాం రాజ్యంలో మాతృభాషాసేవకే అంకితమయ్యారు. 1926లో గోలకొండ పత్రికను స్థాపించారు. తెలంగాణలో కవులే లేరన్న నిందకు, 1934లో 354 మంది కవులతో గోలకొండ కవుల సంచికను వెలువరించి సమాధానమిచ్చారు.

1949లో ప్రకటితమైన ఆంధ్రుల సాంఘిక చరిత్ర ఆయన కీర్తికి శిఖరం. పాల్కురికి సోమనాథుని కావ్యాలు, క్రీడాభిరామం, హంసవింశతి మొదలైన వాటిని పరిశోధించి, పూర్వులు తిన్న తిండి, కట్టిన బట్ట, ఆడిన ఆటలు, చేసిన వృత్తులు, వారి నమ్మకాలు వెలికితీశారు. రసాస్వాదన కోసం చదివే పద్యాలు ఆయన చేతిలో సామాన్యుల బ్రతుకుకు సాక్ష్యాలయ్యాయి. 1953లో ఆయన మరణించారు. 1955లో తెలుగులో మొట్టమొదటి కేంద్ర సాహిత్య అకాడమి పురస్కారం ఆ గ్రంథానికే లభించింది. ఆ గౌరవం అందుకోవడానికి ఆయన లేరు.

ఈ దృష్టి అలవడితే ప్రతి ఊరూ చరిత్ర చెబుతుంది. మార్కాపురం పలకలో గనికూలీ చెమట, కంభం చెరువుకట్టలో మట్టి మోసిన చేతులు గోచరిస్తాయి. వారి పేర్లు మనకు తెలియవు. కాని వారూ మన పూర్వులే.